చుట్టాలతో పాటు మీరూ కొండెక్కండి

ఎండాకాలం సెలవులిచ్చారంటే చాలు, బెంగుళూరు నుంచి కొందరు, చెన్నై నుంచి కొందరు చుట్టాలు దిగుతారు. మా మదనపల్లెకి వచ్చినవాళ్లు చెప్పులు విడవకముందే అడిగే మాట, 'హార్సిలీ హిల్స్‌కి ఎప్పుడు పోదాం?' అని. పోదాం, సంతోషమే. అయితే ఆ రోజున మన ఇళ్లల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. నాలుగింటికే లేచి పులిహోర కలిపి, నీళ్ల సీసాలు నింపి, పిల్లల తలలు దువ్వి అందర్నీ బండెక్కిస్తామా, చివరికి 'చోటు సరిపోదు, నువ్వు రాత్రికి వంట చూడు' అంటారు. మనమూ 'పక్కనే ఉన్న కొండ, ఎప్పుడైనా చూడొచ్చులే' అని తలుపేసుకుంటాం.

మా వీధిలో ఒక పెద్దామె ఉంది. కాపురానికొచ్చి నలభై ఏళ్లు దాటింది. ఎంతమందికి అన్నం మూటలు కట్టిచ్చిందో లెక్కే లేదు. ఆమె కొండ చూసింది మాత్రం ఈమధ్యనే, అదీ మనవరాలు పట్టుబడితే. గాలిబండల మీద కూర్చుని, 'ఇంత చల్లగాలి ఇంటి పక్కన పెట్టుకుని ఇన్నేళ్లూ పొయ్యి ముందర ఉడికినానే!' అనింది. మోకాళ్ల నొప్పులతో మిగతా చోట్లకి నడవలేకపోయింది పాపం. అందుకే సోదరీమణులారా, బండిలో మొదటి చోటు ఈసారి మీకే ఉంచుకోండి.

మదనపల్లె నుంచి కొండ సుమారు 30 కిలోమీటర్లు. ఎత్తు 4,000 అడుగులకు పైనే. కింద చెమటలు కారుతుంటే పైన సాయంత్రానికి పలచటి శాలువా కావాల్సి వస్తుంది. దీని అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు పెంచిన మల్లమ్మ అనే పిల్ల ఇక్కడి జనానికి మూలికలతో వైద్యం చేసేదని కథ. పైన ఆమెకు గుడి ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో హార్సిలీ అనే కడప కలెక్టరు వేసవికి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాక ఆయన పేరే నిలిచిపోయింది. (చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతవరకు మదనపల్లె కడప జిల్లాలోదే.) ఇల్లు కట్టుకున్న దొర పేరు నిలిచింది, మందులిచ్చిన ఆడపిల్ల పేరు వెనకబడింది చూశారా!

గాలిబండల దగ్గర కొంగు నిలవదు. రెండు పిన్నీసులు ఎక్కువ పెట్టుకోండి, పాత నూలు చీరే కట్టుకోండి. పిల్లల చేయి వదలొద్దు. ఘాట్ రోడ్డులో వాంతులయ్యేవాళ్లకి ఖాళీ కడుపూ పనికిరాదు, నిండు కడుపూ పనికిరాదు. ఒక ఇడ్లీ తినిపించి, నిమ్మకాయ చేతికిచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టండి. కోతులున్నాయి కాబట్టి తిండి గుడ్డసంచిలో కాకుండా మూత బిగుసుకునే డబ్బాల్లో తీసుకెళ్లండి.

ఇక తిండి. పులిహోర గుజ్జు ముందురోజే ఉడికించి పెట్టుకుంటే తెల్లారి కలపడం ఒక్కటే పని. పెరుగన్నానికి అన్నం మెత్తగా వండి, కాచి చల్లార్చిన పాలు ఎక్కువగా పోసి, పెరుగు ఒక్క చెంచా వేసి కలపండి. మధ్యాహ్నానికి పులవకుండా కమ్మగా తోడుకుంటుంది. ఉల్లిపాయ ముక్కలు అప్పుడే వేయకండి, ఎండకు వాసనొస్తుంది. నంజుకోవడానికి చెనక్కాయల పొడి చాలు. వడలూ బజ్జీలూ అంటూ పెట్టుకున్నారంటే మళ్లీ నాలుగింటికి లేవాల్సిందే.

రెండో రోజుకి ఓపికుంటే పుంగనూరు వైపు వెళ్లండి. చౌడేపల్లె దగ్గర బోయకొండ గంగమ్మ గుడి ఉంది. పిల్లలకి పుంగనూరు ఆవుని చూపించండి. మూడడుగుల ఎత్తు ఉంటుందేమో, పాలు మాత్రం మహా చిక్కన. ఈ జాతిని కాపాడుతున్న పశు పరిశోధన కేంద్రం పలమనేరులో ఉంది. ముందుగా అడిగి వెళ్లడం మర్యాద.

పలమనేరు నుంచి కుప్పం పోయే దారిలోదే కైగల్ జలపాతం. మావాళ్లు దుముకురాళ్లంటారు. వానలు పడ్డాకే దాని అందం, నడివేసవిలో వెళ్తే నిరాశే. పాచి పట్టిన బండల మీద పిల్లల్ని ఆడనివ్వకండి. గుండంలో లోతెంతో పైకి తెలియదు, కాబట్టి ఈతొచ్చిన మగవాళ్లనైనా సరే దిగనివ్వకండి. అక్కడ మొహమాటం వద్దు, గట్టిగానే చెప్పండి. ఆ చుట్టుపక్కలంతా ఏనుగులు తిరిగే అడవి. 1980ల్లో అవి తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఇటు వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. పొద్దు వాలకముందే రోడ్డెక్కేయాలి. కుప్పం బెంగుళూరు–చెన్నై రైలు మార్గంలోనే ఉంది కాబట్టి, సెలవు తీసుకునే చుట్టాల్ని అక్కడే రైలెక్కించొచ్చు.

మూడు ఊళ్లూ ఒకే రోజులో చుట్టాలని మాత్రం చూడకండి, బండిలో కూర్చోవడంతోనే సరిపోతుంది.

మరి ఇంటికొచ్చాక రాత్రికి వంటో అంటారా? బొరుగులు తెచ్చి పెట్టుకోండి. తడిపి పిండి, పోపులో వేసి, పప్పుల పొడి చల్లితే పావుగంటలో ఉగ్గాని తయారు. ఉల్లిపాయలు, మిరపకాయలు తరిగే పని చుట్టాలకివ్వండి.