సముద్రం దాటితేనే బిడ్డలమా?

2025 నవంబరు 4న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం గజాలా హాష్మీని లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నుకుంది. ఆ దేశంలో రాష్ట్రమంతా ఓటేసే పదవికి గెలిచిన తొలి ముస్లిం స్త్రీ ఆమె. 1964లో హైదరాబాదులో పుట్టి, నాలుగేళ్లప్పుడు అమెరికా వెళ్లింది. ఇక్కడి పత్రికలు హైదరాబాదీ అని మురిసిపోయాయి. మేమూ మురిశాం. ఆ వార్త ఉర్దూలో రాశాం, తెలుగులోనూ రాశాం. కలం పక్కన పెట్టాకే గొంతులో ముల్లు గుచ్చుకుంది.

అయ్యా, మేమూ ఈ గడ్డమీదే పుట్టాం. మమ్మల్ని ఎప్పుడు బిడ్డలంటారు? అద్దెకు ఇల్లడిగితే పేరు విని ఖాళీ లేదంటారు. క్రికెట్ మ్యాచ్ రోజున మా ముఖాలు చూస్తారు.

అక్కడ ఆ పదవి మన ఢిల్లీలోలా పైనుంచి వచ్చే నియామకం కాదు. గవర్నరుతో జంటగా కాదు, విడిగా గెలవాలి. 40 మంది సెనేట్‌ను నడిపేది ఆమే. ఓట్లు సమానమైతే సాధారణంగా ఆమె ఓటే తేలుస్తుంది. ఆమెను గెలిపించింది ముస్లిం గల్లీలు కావు. ఓటేసిన వాళ్లలో ఎక్కువమంది వేరే మతాల వాళ్లే.

మరి ఇక్కడో? 2011 జనాభా లెక్కల్లో తెలంగాణలో మేము 12 శాతం పైనే. 2023 ఎన్నికల్లో 119 సీట్లకు గెలిచింది ఏడుగురం. ఏడుగురూ హైదరాబాదు వాళ్లే, మజ్లిస్ వాళ్లే. ఒక్క ముస్లిం స్త్రీ లేదు. ఆ ఎన్నికల తర్వాత వచ్చిన మంత్రివర్గంలో ఒక ముస్లిం అడుగు పెట్టడానికి 2025 అక్టోబరు 31 దాకా పట్టింది. హైదరాబాదు దాటితే మా పేరుకు ఓటు పడదని పార్టీల లెక్క. ఆ లెక్క రాసిందెవరు? మేమా?

అమెరికాను నెత్తిన పెట్టుకోమనడం లేదు. 2017లో ఏడు ముస్లిం దేశాల వాళ్లను రానివ్వొద్దని హుకుం జారీ చేసింది ఆ దేశమే. ఆ దెబ్బకే, ఏళ్ల తరబడి కాలేజీలో సాహిత్యం చెప్పిన హాష్మీ రాజకీయాల్లోకి దిగింది. 2019లో సెనేటుకు గెలిచింది. అవమానానికి పోటీతోనే జవాబు చెప్పింది.

మాకూ అదే కావాలి. ఇఫ్తార్ విందులొద్దు. మీరు గంటసేపు పెట్టుకునే టోపీలొద్దు. ఖమ్మంలోనో కరీంనగర్‌లోనో నిలబడి, మా గల్లీ కోసమే కాక మీ పొలం నీళ్ల కోసం, మీ పిల్లల బడి కోసం మాట్లాడే హక్కు కావాలి. వర్జీనియా గెలుపుకు చప్పట్లు కొట్టిన చెయ్యి ఇక్కడ ఓటు మీట దగ్గర ఎందుకు ఆగిపోతుంది? మీకు మేము మనవాళ్లం కావాలంటే ఇంకెంత దూరం పోవాలి?