కండె తంతువును ఆపిన చెట్టు

సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతంలో మరమగ్గాల చప్పుడు నడుమ తెలుగు మాట వినవచ్చును. తెలంగాణ నుండి తరలిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరతరాలుగా స్థిరపడినవి. ఎక్కడ నివసించినను తెలుగు ఇంటికి పసుపు కొమ్ముపై నమ్మకము సహజము. కాని గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చినపుడు, "ముందు మూలికలు వాడి చూద్దాము, ఆసుపత్రి సంగతి తరువాత" అనుకొనుట ప్రాణము మీదికి తెచ్చును. విచిత్రమేమనగా, ఆసుపత్రిలో ఇచ్చే మందులలోనే కొన్ని చెట్ల నుండి పుట్టినవి.

అమెరికా పశ్చిమ తీరపు అడవులలో పెరిగే 'యూ' చెట్టు బెరడును 1962లో పరీక్షకై సేకరించిరి. అందలి పాక్లిటాక్సెల్ అను పదార్థపు నిర్మాణమును మన్రో వాల్, మన్సుఖ్ వాణీ 1971లో వెల్లడించిరి. అది పనిచేయు తీరు నేతగాండ్రకు సులభముగా బోధపడును. కణము రెండుగా చీలునపుడు దానిలో సన్నని కండె తంతువులు ఏర్పడి, తమ పని తీరగానే విడిపోవలెను. పాక్లిటాక్సెల్ వాటిని విడిపోనీయదు. విభజన మధ్యలో ఆగి, కణము నశించును. ప్లాటినము లోహము నుండి తయారైన సిస్‌ప్లాటిన్, కార్బోప్లాటిన్ మందులు కణములోని డి.ఎన్.ఎ.ను దెబ్బతీయును. రెండు మందులు రెండు వేర్వేరు చోట్ల దెబ్బకొట్టుటయే ఈ జోడింపులోని కిటుకు.

దీని ఫలితమును 2024లో ప్రకటితమైన ఇంటర్‌లేస్ పరిశోధన తేటపరచినది. భారతదేశముతో సహా ఐదు దేశాలలో 500 మంది స్త్రీలపై ఇది జరిగినది. రేడియేషన్, సిస్‌ప్లాటిన్ చికిత్సకు ముందు ఆరు వారాలు పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ పొందినవారిలో ఐదేండ్ల తరువాత నూటికి 80 మంది జీవించియుండిరి. ఆ ముందు చికిత్స లేనివారిలో నూటికి 72 మంది మాత్రమే. నూటికి ఎనిమిది ప్రాణములు అల్పము కాదు.

మరి పసుపు మాటేమిటి? అందలి కర్కుమిన్, పాక్లిటాక్సెల్ ప్రభావమును పెంచునని తిరువనంతపురంలోని రాజీవ్ గాంధీ బయోటెక్నాలజీ కేంద్రపు శాస్త్రజ్ఞులు 2005లో చూపిరి. అయితే అది గాజుపాత్రలో పెంచిన కణములపై జరిగిన ప్రయోగము. నోటి ద్వారా తీసుకొన్న కర్కుమిన్ రక్తములోనికి చేరునది బహుస్వల్పము. కావున పసుపు కూరకు మేలే గాని, కీమోథెరపీకి బదులు కానేరదు. చికిత్స జరుగుచుండగా ఏ కషాయము తాగినను వైద్యునికి తెలుపుట అవసరము. కొన్ని మూలికలు మందుల పనిని తారుమారు చేయగలవు.

ముట్టు ఆగిన తరువాత రక్తస్రావము, దాంపత్యానంతర రక్తస్రావము, దుర్వాసనతో కూడిన తెల్లబట్ట కనిపించినచో సిగ్గుపడి దాచరాదు. ఈ వ్యాధికి ప్రధాన కారణము హెచ్.పి.వి. వైరస్. బాలికలకు టీకా, ముప్పది యేండ్లు దాటిన స్త్రీలకు పరీక్ష కలవు. తొలిదశలో పట్టుబడిన వ్యాధి చాలావరకు నయమగును.

చెట్టు ఇచ్చినది పదార్థము మాత్రమే. దానిని శుద్ధిచేసి, తూచి, పరీక్షించిన తరువాతనే అది ఔషధమైనది.