శంఖం వినిపిస్తుంది

చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు అంటాం. బొగ్గుబాయిల చెవుడు విషయంలో ఈ సామెత తప్పు. ముప్పై ఏళ్లు బాయిపని చేసి దిగిపోయిన మనిషికి శంఖం వినిపిస్తుంది. బోనాల డప్పు వినిపిస్తుంది, ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ వినిపిస్తుంది. వినిపించనిది పక్కన కూర్చున్న మనవరాలి మాట. అందుకే ఇంట్లోవాళ్లకు అనుమానం: "గవన్నీ ఇనవడతయి, మేం పిలిస్తెనే ఇనవడదా?"

ఆ అనుమానమూ తప్పే. కారణం మన భాషలోనే ఉంది. తెలుగు మాట చాలావరకు అచ్చుతో ముగుస్తుంది. అచ్చులు బలమైనవి, చెవిన పడతాయి. స, చ, త, క లాంటి హల్లులు బలం తక్కువైన, హెచ్చు శ్రుతి శబ్దాలు. మోతకు దెబ్బతిన్న చెవిలో ముందుగా పోయేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడి. అది పెరిగేకొద్దీ హల్లులు జారిపోతాయి. "చాలు" అన్నా "కాలు" అన్నా "తాలు" అన్నా ఆయనకు అందేది చివరి "ఆలు" ఒక్కటే. మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. అరిస్తే అచ్చు పెద్దదవుతుంది తప్ప హల్లు తేటపడదు. పైగా అలాంటి చెవికి వినిపించడానికీ బాధపెట్టడానికీ మధ్య జాగా తక్కువ. మెల్లగా అంటే వినడు, గట్టిగా అంటే కోపం చేస్తాడని ఆయన మీదే నింద వేస్తాం.

"వయసు మీద పడ్డది, చెవులు గట్లనే అయితయి." రామగుండం నుంచి గోదావరిఖని దాకా నేను విన్న తీర్పు ఇదే. మా బాపు విషయంలో మేమూ ఇదే అన్నాం. వయసుకు పాత్ర లేదనను. కానీ నలభై అయిదేళ్ల డ్రిల్లర్‌కో డోజర్ ఆపరేటర్‌కో చెవులు మందగిస్తే ముందు చూడాల్సింది వయసును కాదు, పనిని. లోపలి చెవిలో, నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియాలో దాదాపు 15 వేల రోమకణాలుంటాయి. ఏళ్ల తరబడి మోత వాటిని చంపుతుంది. పోయినవి మళ్లీ మొలవవు.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1975లోనే ఎనిమిది గంటల పనికి 85 డెసిబెల్స్‌ను హెచ్చరిక గీతగా, 90ని ప్రమాద గీతగా పెట్టింది. మూడు డెసిబెల్స్ పెరిగితే ధ్వనిశక్తి రెట్టింపవుతుందని గుర్తుంచుకుంటే ఆ అయిదు డెసిబెల్స్ తేడా ఎంతో తెలుస్తుంది. మోత వల్ల వచ్చే చెవుడును 2011లో గనుల చట్టం 25వ సెక్షన్ కింద నోటిఫైడ్ వ్యాధుల్లో చేర్చారు. 1923 నష్టపరిహార చట్టం మూడో షెడ్యూల్‌లోనూ దాన్ని చేర్చారు. ధూళితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌ను ఎవరూ వయసు అనరు. దాని పక్కనే పేరున్న చెవుడును మాత్రం అంటాం. ఆ ఒక్క మాటతో రిపోర్టు రాయాల్సినవారి బాధ్యత, పరిహారం అడిగే కార్మికుని హక్కు రెండూ కొట్టుకుపోతాయి.

"చెవులు మూసుకుంటే టాప్ చప్పుడు ఎట్ల ఇనవడతది?" అని, ఇయర్‌మఫ్ పెట్టుకొమ్మంటే, కార్మికులు అడుగుతారు. ఇది ఉత్త సాకు కాదు. పైకప్పును తట్టి గట్టి మోతా, డొల్ల మోతా అని తేల్చుకునేచోట చెవే ప్రాణం కాపాడుతుంది. మరి ఆ చెవిని డ్రిల్లు పక్కన, హాలేజీ ఇంజిన్ పక్కన పోగొట్టుకుంటే డొల్ల మోత వినేదెవరు? తట్టి చూసేటప్పుడు మఫ్ తీయాలి, యంత్రం నడిచేటప్పుడు పెట్టాలి. అంతకంటే ముందు యంత్రం మోతనే తగ్గించాలి. సైలెన్సర్, సరిగ్గా మూసుకునే క్యాబిన్ అద్దాలు యాజమాన్యం పని.

ఇక "మిషన్ పెట్టుకున్నా లాభం లేదు" అనే మాట. బాపు చెవి మిషన్ రెండేళ్లు అల్మారాలో పడి ఉంది. తెచ్చిన రోజే దాన్ని పెట్టించి మార్కెట్‌కు తీసుకుపోయాం. ఆటోలు, హారన్లు ఒక్కసారిగా చెవిలో పడ్డాయి. తీసేసి మళ్లీ ముట్టుకోలేదు. తప్పు మాది. కళ్లద్దాలు పెట్టగానే కనిపిస్తుంది, చెవి మిషన్ అలా కాదు. ఏళ్లుగా హల్లులు అందని మెదడు వాటిని మళ్లీ గుర్తుపట్టడం నేర్చుకోవాలి. రెండోసారి ఆడియాలజిస్టు దగ్గర పరీక్ష చేయించి, చెవిలో పెట్టే మోల్డ్ మార్పించి, ప్రోగ్రాం సరిచేయించాం. మొదట ఇంట్లో టీవీ ఆపి రోజుకు గంట, తర్వాత రెండు గంటలు. వారాలు పట్టింది. పెళ్లి పందిట్లో ఈ రోజుకూ తడబడతాడు. పోయిన కణాలను మిషన్ తేదు. కానీ వాకిట్లో మనవరాలు చెప్పే మాటకు జవాబిస్తున్నాడు.

చిన్న సంగతులే మిషన్‌ను అల్మారాకు చేరుస్తాయి. జింక్-ఎయిర్ బ్యాటరీ స్టిక్కర్ తీసిన క్షణం నుంచి ఖర్చవుతుంది, మళ్లీ అంటించినా ఆగదు. మన చెమటకు రాత్రిపూట సిలికా జెల్ డబ్బా తప్పదు. చెవిలో గుమిలి ఉంటే ఎంత ఖరీదైన మిషనైనా మూగబోతుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, శ్రవణ వైకల్యాల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, అడిగి తెలుసుకోవచ్చు.

డ్యూటీలో ఉన్న అన్నలకు ఒక మాట. పీఎంఈకి, అంటే కాలానుగుణ వైద్య పరీక్షకు, పోయినప్పుడు చెవి పరీక్ష చేయమనండి, ఆ కాగితం అడిగి తీసుకోండి. 4000 దగ్గర గీత కిందికి దిగి ఉంటే, ఎవరైనా వయసు అన్నప్పుడు ఆ కాగితం ముందు పెట్టండి.