పేరు రాయొద్దు... నిజం రాయండి!

'సిగరెట్‌ కాలుస్తున్నావా?' అని నాన్న నిలదీస్తే ఏ కొడుకు అవునంటాడు? అదే ప్రశ్న పేరు రాయక్కర్లేని కాగితం మీద అడిగితే? ఐస్‌లాండ్‌ చేసింది అదే.

1990ల్లో ఆ చిన్న దేశానికి పెద్ద తలనొప్పి పిల్లలే. వారాంతం వచ్చిందంటే రాజధాని రెక్‌యావిక్‌ నడిబొడ్డున తూలుతూ తిరిగే కుర్రాళ్లు! తాగుడు ప్రమాదమని బళ్లలో పాఠాలు చెప్పారు. ఫలితం లేదు. పిల్లలకు చెప్పడం కాదు, వాళ్లనే అడుగుదామని 1992లో బడిబడికీ వెళ్లి ప్రశ్నావళి ఇచ్చారు. పేరుండదు, నంబరుండదు. నింపి, కవరు అతికించి ఇచ్చేయడమే. తాగుడూ సిగరెట్ల సంగతే కాదు, 'అమ్మానాన్నలతో ఎంతసేపు గడుపుతావు? ఏ ఆటలు ఆడతావు?' అని కూడా అడిగారు. ఆ తర్వాతా ఈ సర్వేలు ఆగలేదు.

1998లో పదో తరగతి పిల్లల్లో 42 శాతం మంది గడచిన నెలరోజుల్లో మత్తెక్కేలా తాగామన్నారు. 23 శాతం రోజూ సిగరెట్‌ కాలుస్తున్నారు. గుండె గుభేల్‌మనే లెక్కలే. అయితే సామాజిక శాస్త్రవేత్త ఇంగా డోరా సిగ్‌ఫుస్‌డాటిర్‌, ఆమె సహచరులు అక్కడితో ఆగలేదు. వ్యసనాల జోలికి పోని పిల్లలు ఏం చేస్తున్నారో చూశారు. వాళ్లు వారానికి మూడు నాలుగుసార్లు ఆటల శిక్షణకు వెళ్తున్నారు. పొద్దుపోయాక వీధుల్లో ఉండటంలేదు. అన్నిటికీ మించి, మామూలు రోజుల్లోనూ అమ్మానాన్నలతో ఎక్కువసేపు ఉంటున్నారు. ఎప్పుడో ఒక ఆదివారం సినిమాకి తీసుకెళ్లి 'మావాడితో బాగానే గడుపుతున్నా' అనుకునే నాన్నలకు ఇది కాస్త చేదు కబురే!

ఆ తర్వాత పనులు చకచకా సాగాయి. 13 నుంచి 16 ఏళ్లవారు చలికాలంలో రాత్రి పది తర్వాత పెద్దల తోడు లేకుండా బయట ఉండకూడదని చట్టం తెచ్చారు. తల్లిదండ్రులే వంతులవారీగా వీధుల్లో గస్తీ తిరిగారు. ఆటలకూ సంగీతానికీ ప్రభుత్వం డబ్బిచ్చింది. ముఖ్యంగా, సర్వే ఫలితాలు బీరువాల్లో మగ్గలేదు. నెలల్లోనే ఏ బడివి ఆ బడికి అందాయి. 'దేశంలో ఎక్కడో' అని తప్పించుకునే వీల్లేకుండా, తమ పేటలో పిల్లలెలా ఉన్నారో అక్కడి తల్లిదండ్రులు కళ్లారా చూసుకున్నారు.

2016 నాటికి ఆ 42 శాతం 5కి దిగింది. 23 శాతం 3కి. ఘనతంతా సర్వేలదే అనలేం. కానీ ఎక్కడ చెయ్యి వెయ్యాలో చూపించింది అవే.

అలాగని అక్కడి పిల్లలకు ఇక ఏ దిగులూ లేదనుకుంటే పొరపాటు. కొవిడ్‌కు ముందూ కొవిడ్‌ కాలంలోనూ దాదాపు 60 వేలమంది ఇచ్చిన జవాబులను పోల్చి 2021లో ఓ అధ్యయనం వెలువడింది. తాగుడూ పొగా తగ్గాయి. కుంగుబాటు మాత్రం పెరిగింది... ఆడపిల్లల్లో మరీ ఎక్కువగా. ఇంట్లో చెప్పుకోని దిగులు మళ్లీ ఆ పేరులేని కాగితాల్లోనే బయటపడింది.