సిగ్నల్ ఉంటుంది, కాల్ పోదు

2,145. టెలికాం నెట్‌వర్క్‌లను క్లౌడ్‌లోకి మార్చడంపై ఏడాదిగా నేను చదివిన వ్యాసాల్లో, విన్న చర్చల్లో ఈ అంకె ఒక్కసారి కూడా కనపడలేదు. 2023 నవంబర్ 8న ఆస్ట్రేలియాలో ఆప్టస్ నెట్‌వర్క్ కుప్పకూలినప్పుడు ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేసి, కాల్ కలవక నిస్సహాయంగా మిగిలిపోయిన మనుషుల లెక్క అది. ఆ దేశ నియంత్రణ సంస్థ విచారించి తేల్చిన లెక్క.

ఆ రోజు తుఫాను లేదు. టవర్లు ఒరగలేదు. ఒక రూటింగ్ మార్పు దెబ్బకు, కాల్స్‌ను కలిపే కోర్ నెట్‌వర్క్‌లోని దాదాపు 90 రూటర్లు తమంతట తామే విడిపోయాయి. దూరం నుంచి సరిచేసే దారి కూడా మూసుకుపోవడంతో ఇంజినీర్లు స్వయంగా ఆయా కేంద్రాలకు పరుగెత్తాల్సి వచ్చింది. సుమారు కోటి మందికి సగం రోజు ఫోన్ లేదు. అంతకంటే ఘోరం, కొన్ని టవర్లు కోర్‌తో సంబంధం తెగిపోయినా సిగ్నల్ ఇస్తూనే ఉన్నాయి. ఫోనులో గీతలు కనిపిస్తున్నాయి కాబట్టి అది వేరే కంపెనీ నెట్‌వర్క్‌ను వెతుక్కోలేదు. సిగ్నల్ ఉంది, కాల్ పోలేదు. 2,145 మంది.

మన దగ్గర వాదన దేనిమీద జరుగుతోంది? 2025 సెప్టెంబర్ 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధాని బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీని ప్రారంభించారు. 97,500కు పైగా టవర్లు, సీడాట్ కోర్, తేజస్ రేడియో పరికరాలు, అన్నిటినీ ఒకటిగా కలిపింది టీసీఎస్. పూర్తిగా క్లౌడ్ ఆధారితం, రేపు 5జీకి మారడం సులువు అన్నారు. వెంటనే సాఫ్ట్‌వేర్ స్వదేశీయా విదేశీయా అని పేజీలు నింపారు. మూడు వారాలు గడవకముందే, అక్టోబర్ 14న, గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతానని ప్రకటించింది. అందులో ఎయిర్‌టెల్ భాగస్వామి. అప్పుడేమో ఎన్ని గిగావాట్లు, ఎంత భూమి, ఎన్ని రాయితీలు అని మరికొన్ని పేజీలు నింపారు. తీగ తెగిన రోజు నల్లమల అంచున ఉన్న పెద్దారవీడు మండలంలో 108కి కాల్ పోతుందా అని మాత్రం ఎవరూ అడగలేదు.

నేను అడగదలచుకున్నది అదొక్కటే. కోర్‌ను క్లౌడ్‌లో పెట్టుకోండి, అభ్యంతరం లేదు. కానీ నగరంతో సంబంధం తెగినా మండలం లోపల ఎమర్జెన్సీ కాల్ కలిసి తీరాలన్న షరతు లేకుండా ఏ కంపెనీకీ, ప్రభుత్వ కంపెనీకైనా సరే, ఆ అనుమతి ఇవ్వకూడదు.

ఈ మాట కొత్తది కాదు. ఇవాళ బీఎస్ఎన్ఎల్‌కు కోర్ అందించిన సీడాట్ పుట్టిందే పల్లె కోసం. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో ఆ సంస్థ పెట్టిన గ్రామీణ ఎక్స్ఛేంజీకి 128 లైన్లు. ఏసీ గది అక్కర్లేకుండా మన ఎండల్ని, దుమ్మును తట్టుకునేలా చేశారు. దాని అసలు గొప్పతనం మరోటుంది. కాల్ కలిపే యంత్రం ఊళ్లోనే ఉండేది. పట్నానికి పోయే ట్రంకు లైను తెగినా ఊళ్లో ఒకరి ఫోను నుంచి ఇంకొకరికి గంట మోగేది. ఇప్పుడు పక్కింటికి చేసే కాల్ కూడా ముందు దూరనగరంలోని సర్వర్ దాకా పోయి, అక్కడ అనుమతి తీసుకుని, తిరిగి రావాలి. నలభై ఏళ్ల క్రితం అదే సంస్థ మన పల్లెకు ఇచ్చిన భద్రతను ఈ మార్పులో ఎవరు, ఎందుకు వదిలేశారు?

పెద్దారవీడు భౌగోళిక స్థితి తెలిసినవాళ్లకు ఇందులో ప్రమాదం వివరించనక్కర్లేదు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం మీదుగా వచ్చే 765వ జాతీయ రహదారి ఈ మండలంలోని తోకపల్లి దగ్గర 565తో కలుస్తుంది. పైన దోర్నాల, ఆపైన నల్లమల ఘాట్. ఘాట్‌లోకి వెళ్లాక ఫోను ఎక్కడ మూగబోతుందో ఆ దారిలో తిరిగే డ్రైవర్లకు తెలుసు. రోడ్డు పక్కన ఎక్కడో జేసీబీ దిగి కేబుల్ తెంపితే ఊళ్లల్లో వినపడేది ఒకటే మాట: ‘సిగ్నల్ ఉంది గానీ నెట్ రావట్లా.’ రేషన్ షాపులో ఈపాస్ యంత్రం మీద వేలు పెట్టి, తీసి, తుడిచి, మళ్లీ పెట్టి, చివరికి సంచి మడిచి చంకన పెట్టుకుని వెళ్లిపోయే ముసలమ్మను చూసినవాళ్లకు కోర్ దూరంగా ఉండటమంటే ఏమిటో అర్థమవుతుంది. ఉపాధి పనిలో ఫొటో హాజరు 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. 2025 జనవరిలో ‘మన మిత్ర’ పేరుతో 161 ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. బియ్యం, కూలి, సర్టిఫికెట్లు, అంబులెన్స్ అన్నీ ఆ ఒక్క తీగ మీదే వేలాడుతున్నాయి.

అది ఒక్క తీగే అన్నది నా అనుమానం కాదు. 2023 ఆగస్టులో కేంద్రం 1,39,579 కోట్ల రూపాయలతో సవరించిన భారత్‌నెట్‌ను ఆమోదించింది. అందులో ముఖ్యమైన పని ఒకే వరుసలో పోయే ఫైబర్‌ను రింగుగా మార్చడం. రింగైతే ఒకవైపు తెగినా రెండోవైపు నుంచి వస్తుంది. ఆ పని పెట్టుకోవడమంటే ఇన్నాళ్లూ తెగితే దిక్కులేదని ఒప్పుకోవడమే. మన రాష్ట్ర ఫైబర్‌నెట్ తీగలు చాలా మేర కరెంటు స్తంభాల మీదుగా పోతాయి. గాలివానొస్తే స్తంభంతోపాటు అదీ నేల పడుతుంది. రింగు పూర్తికాకముందే కోర్‌ను దూరం చేయడం వరస తప్పిన పని.

ఆప్టస్‌ది క్లౌడ్ వైఫల్యం కాదు కదా, రూటర్ల సమస్య కదా అంటారు. నిజమే. కానీ అంతమంది ప్రాణాధారాన్ని ఒకే కోర్‌కు కట్టిపడేస్తే ఏమవుతుందో చూపింది ఆ సంఘటనే. క్లౌడ్ ఆ కేంద్రీకరణను తగ్గించదు, పెంచుతుంది. 2025 అక్టోబర్ 20న అమెరికాలోని వర్జీనియాలో అమెజాన్ క్లౌడ్ కేంద్రాల్లో లోపం వస్తే ఖండాంతరాల్లో యాప్‌లు, బ్యాంకింగ్ సేవలు ఆగిపోయాయి. క్లౌడ్‌తో ఖర్చు తగ్గుతుంది, లోపాన్ని ఒకేసారి దేశమంతా సరిదిద్దవచ్చు, శివరాత్రికి శ్రీశైలం దారిలో రద్దీ పెరిగితే కోర్ సామర్థ్యాన్ని పెంచుకోవచ్చు. ఒప్పుకుంటాను. ఈ లాభాల్లో ఏ ఒక్కటీ 2,145 మందికి జవాబు చెప్పదు.

తుఫానులప్పుడు కేంద్రం ఇంట్రా సర్కిల్ రోమింగ్ తెరిపిస్తోంది కదా, ఏ టవర్ దొరికితే దాన్ని వాడుకోవచ్చు కదా అని ఇంకో సమాధానం. ఆ రోమింగ్ కూలిన టవర్‌కు మందు, కూలిన కోర్‌కు కాదు. వేరే కంపెనీ టవర్ ఎక్కినా, ఈ సిమ్ మాదేనని చెప్పాల్సింది మన కంపెనీ కోర్ మాత్రమే. అది పలక్కపోతే మామూలు కాల్ కలవదు. ఈ తేడా తెలిసిన అధికారులు కూడా రోమింగ్ పేరు చెప్పి ప్రశ్నను దాటేయడం బాధ్యతారాహిత్యం.

ఇక మన నిబంధనలు చూడండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన సేవా నాణ్యత నిబంధనల ప్రకారం, జిల్లా స్థాయిలో సేవలు 24 గంటలు దాటి ఆగితేనే ఖాతాదారుకు పరిహారం. అదీ పోస్ట్‌పెయిడ్‌కు అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడ్‌కు వ్యాలిడిటీ పొడిగింపు. సగం రోజు సాగిన ఆప్టస్ పతనం మన దగ్గర జరిగి ఉంటే ఆ కంపెనీ ఒక్క రోజు వ్యాలిడిటీ కూడా ఇవ్వనక్కర్లేదు. మండలం ఒక్కటే చీకట్లో ఉంటే లెక్కలోకే రాదు. ఆస్ట్రేలియాలో ఆ కంపెనీ 1.2 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా జరిమానా కట్టింది. కాల్ కలవని వారిలో 369 మంది క్షేమం కనుక్కోలేదన్నది కూడా ఉల్లంఘనగా రాశారు. కోర్ తెగిన టవర్ సిగ్నల్ ఆపేసి ఫోన్లను పక్క నెట్‌వర్క్‌కు వదలాలని సమీక్ష సిఫారసు చేసింది. మనకు ఆ 2,145 లాంటి లెక్క తీసే అలవాటే లేదు. కలవని కాల్‌ను లెక్కించని దేశంలో కాల్స్ అన్నీ కలుస్తున్నట్టే రికార్డుల్లో ఉంటుంది.

సాంకేతికంగా కుదరదనే సాకు చెల్లదు. దూరపు కోర్‌తో లింకు తెగినా టవర్లు స్థానికంగా చిన్న కోర్‌తో నడిచే విధానాన్ని, పోలీసు, అగ్నిమాపక సేవలను దృష్టిలో పెట్టుకుని, మొబైల్ ప్రమాణాలు రాసే అంతర్జాతీయ వేదిక 3జీపీపీ 2016లోనే ప్రమాణాల్లోకి చేర్చింది. పెద్దారవీడులోనే అలాంటి చిన్న కోర్ పెడితే 108 కేంద్రం దాకా పోకపోయినా, మండలంలోని అంబులెన్స్ డ్రైవరుకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, పోలీస్ స్టేషన్‌కు ఫోన్ మోగుతుంది. ఒక వాయిస్ కాల్‌కు సెకనుకు కొన్ని పదుల కిలోబిట్లు చాలు. మైక్రోవేవ్ లింకు రెండో దారిగా ఉంటే 108 కేంద్రానికీ చేరుతుంది. విశాఖకు 15 బిలియన్ డాలర్లు రప్పించగలిగిన ప్రభుత్వం, లక్షా నలభై వేల కోట్లు భారత్‌నెట్‌కు కేటాయించిన ప్రభుత్వం, దీనికి డబ్బు లేదంటే నమ్మను.

టెలికాం శాఖ, బీఎస్ఎన్ఎల్, ప్రైవేటు కంపెనీలు తమ క్లౌడ్ నెట్‌వర్క్ భేషుగ్గా ఉందని ధ్రువీకరించే ముందు ఒక పరీక్షకు నిలబడాలి. పగటిపూట, జనం ముందు, పెద్దారవీడు టవర్లకు వచ్చే ఫైబర్‌ను తీసేయండి. ఆ మండలంలోని సానికవరంలో ఒకరి ఫోను నుంచి, తోకపల్లిలో ఇంకొకరి ఫోను నుంచి 108కి చేయించండి. ఎన్ని కలిశాయో, ఎన్ని కలవలేదో మర్నాడు పేపర్లో వేయించండి. కలవకపోతే ఆ నెట్‌వర్క్‌కు ధ్రువీకరణ ఆపండి.