వకాల్తాపై సంతకం చేసే ముందు

"ఫీజు పూర్తిగా చెల్లిస్తేనే కాగితాలు ఇస్తానని మా వకీలు అంటున్నారు. వచ్చే వాయిదా ఎప్పుడో కూడా నాకు తెలియదు." భర్త మరణానంతరం ఇంటి వాటా కోసం దావా వేసిన ఒక సోదరి మాకు రాసిన మాటలివి.

వకాల్తా అనే మాటకు మూలం అరబీలోని 'వకాలత్'. తన పనిని మరొకరికి అప్పగించడమని దాని అర్థం. ఫిఖ్హ్ ప్రకారం వకీలు అమీన్, అంటే అమానతును కాపాడవలసినవాడు. అప్పగించిన హద్దును దాటే అధికారం అతనికి లేదు. దేశ చట్టం కూడా దాదాపు ఇదే చెబుతుంది. అయినా వకీలును ప్రశ్నించడం అమర్యాద అనుకొని, ఖాళీ వకాల్తా మీద, ఒక్కొక్కసారి ఖాళీ తెల్లకాగితాల మీద కూడా, సంతకం చేసి లేచి వచ్చేవారు మనలో ఎందరో! చిక్కులలో సగం అక్కడే మొదలవుతాయి.

ఆ సోదరి ప్రశ్నకు సుప్రీంకోర్టు 2000లోనే సమాధానం చెప్పింది. ఒక సహకార బ్యాంకు న్యాయ సలహాదారు తనకు రావలసిన ఫీజు కోసం బ్యాంకు ఫైళ్ళను అట్టిపెట్టుకున్నారు. ఆర్.డి. సక్సేనా కేసుగా పేరుపడిన ఆ వ్యవహారంలో, ఫీజు బాకీ ఉన్నా కక్షిదారు కాగితాలను ఆపుకొనే హక్కు న్యాయవాదికి లేదనీ, అలా ఆపడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అవుతుందనీ కోర్టు తేల్చింది. బాకీ వసూలుకు ఆయనకు చట్టపరమైన వేరే మార్గాలున్నాయి.

వాయిదా తేదీల కోసం ఎవరినీ బతిమాలుకోనక్కరలేదు. ప్రతి కేసుకూ 16 అక్షరాలూ అంకెలూ కలిసిన సి.ఎన్.ఆర్. నంబరు ఉంటుంది. దానిని ఈకోర్ట్స్ యాప్‌లో నమోదు చేస్తే తేదీలు కనిపిస్తాయి. వకాల్తా ఇచ్చేనాడే ఈ నంబరు అడిగి రాసిపెట్టుకోవాలి.

రాజీ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. భరణం, మహర్, పిల్లల సంరక్షణ వంటి అంశాలలో "ఇంతకు ఒప్పుకున్నాను, మీరు సంతకం చేయండి" అని వకీలు చెప్పగానే తలవంచవలసిన పనిలేదు. కక్షిదారు స్పష్టమైన అనుమతి లేనిదే ఆయన హక్కులను వదులుకొనే అధికారం న్యాయవాదికి ఉండదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది.

రోడ్డు ప్రమాద పరిహారం కేసులలో 'వచ్చిన దానిలో ఇంత శాతం' అనే బేరం మనవద్ద మామూలైపోయింది. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం అది నిషిద్ధం. తన వద్దకు వచ్చిన కక్షిదారు సొమ్ముకు వకీలు లెక్క చూపాలి. అనాథలకు చేరవలసిన సొమ్ములో వాటా అడిగేవారిని ఉపకారులుగా భావించడం ఎందుకో అర్థం కాదు. ఇంటి గుట్టును వకీలుకు చెప్పడానికి మాత్రం జంకకూడదు. మీ అనుమతి లేకుండా ఆయన దానిని బయటపెట్టరాదు. కేసు ముగిసిన తరువాత కూడా ఆ కట్టుబాటు ఉంటుంది.

వకీలు సేవలు వినియోగదారుల చట్టం కిందకు రావని 2024 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. సామాన్యునికి ఉన్న ఒక సులువైన ద్వారం దీనితో మూసుకుపోయింది. అయితే 1961 నాటి అడ్వకేట్ల చట్టం కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. నేరం రుజువైతే మందలింపు మొదలుకొని కొంతకాలం సస్పెన్షన్, జాబితా నుంచి పేరు తొలగింపు వరకు శిక్షలున్నాయి. కేవలం కేసు ఓడిపోయినందుకు చేసే ఫిర్యాదు అక్కడ నిలవదు.

ఇక ఆ సోదరి చేయవలసినది: కాగితాలు తిరిగి ఇవ్వమని స్పీడ్ పోస్టులో లేఖ పంపి, రసీదు భద్రపరచుకోవాలి. కోర్టులో దాఖలైనవాటి ధ్రువీకృత నకళ్ళకు దరఖాస్తు పెట్టుకోవాలి. వకీలును మార్చుకోదలిస్తే, పాతవారు 'అభ్యంతరం లేదు' అని రాసి ఇవ్వకపోయినా, కోర్టు అనుమతితో ఆ వకాల్తాను రద్దు చేసుకోవచ్చు. కొత్త వకీలుకు ఫీజు ఇచ్చే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. 1987 నాటి చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉంది. ఫోను నంబరు 15100.