తిప్పి పంపినవారే చీటీ వ్రాయవలెను

పల్లెటూరివాని పని చిన్నదే కాని, దానికై అతడు వెచ్చించు దినము చిన్నది కాదు. రేషన్ బియ్యము, కుల ధ్రువపత్రము, పాసుపుస్తకములో తప్పుపడిన పేరు, బ్యాంకులో నిలిచిపోయిన కూలిడబ్బు, ఇట్టి సామాన్య కార్యములకై అతడు ఆనాటి కూలి మానుకొని, షేర్ ఆటోకు చార్జీ ఇచ్చుకొని, జిరాక్సు కాగితములు సంచిలో పెట్టుకొని మండల కేంద్రమునకు పోయి, "సారు మీటింగులో ఉన్నారు, రేపు రా" అను మాట మూటగట్టుకొని తిరిగివచ్చుట ఎంత పరిపాటి అయిపోయినదనగా, దానిని అన్యాయమని గుర్తించువారే కరవైనారు. అది అన్యాయమే, ఆ పోయిన దినమునకు జవాబుదారీ వహింపవలసినది ప్రభుత్వమే.

పాలనను ప్రజలకు చేరువ చేయు యత్నములు జరుగకపోలేదు. 1984లో కరణము, మునసబు పదవులు రద్దయినవి. 1985లో తాలూకాల స్థానమున మండలములు వెలసినవి. 2011లో మీసేవా కేంద్రములును, 2019 అక్టోబరు 2 నుండి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయములును వచ్చినవి. కచేరీ దగ్గరైన మాట వాస్తవమే. అయితే దూరము తగ్గినంత మాత్రమున తిరుగుడు తగ్గదు. ఒక్కసారిలో పని ముగించు పది మైళ్ళ దూరపు కార్యాలయమే, నాలుగు పర్యాయములు త్రిప్పించు వీధి చివరి కార్యాలయముకంటె మేలు.

చౌకధరల దుకాణమునే చూడుడు. దొంగకార్డులను అరికట్టుటకై, వ్రేలిముద్ర సరిచూచి సరకు ఇప్పించు ఈ-పాస్ యంత్రము వచ్చినది. ఆ ఉద్దేశమును మేము నిందింపము. కాని మిరపకాయలు కోసి, పొగాకు గ్రుచ్చి, సిమెంటు కలిపి, బీడీలు చుట్టి అరగిపోయిన వ్రేళ్ళపై గీతలు నిలువవు. ముసలామె బొటనవ్రేలిని కొంగుతో తుడిచి అద్దముపై నొక్కును. ముద్ర పడదు. "ఇంకో వేలు పెట్టమ్మా" అనును డీలరు. పిదప "సబ్బుతో కడుక్కుని రా" అనును. పది వ్రేళ్ళును అయిన పిమ్మట "సర్వర్ లేదు, రేపు రా పెద్దమ్మా" అనును. మన్యపు గూడెములలో సిగ్నలు దొరకు గట్టు వరకు యంత్రమును మోసికొని పోవలసిన అవస్థయు కలదు. ఆజన్మాంతము కాయకష్టము చేసినందుననే వ్రేలిముద్ర చెరిగిన మనిషికి, ఆ ముద్ర లేదన్న నెపముతో తిండిగింజలు నిరాకరించుటకంటె విపరీతమేమున్నది?

చట్టము ఈ విషయమున మౌనముగా లేదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము ప్రకారము ప్రాధాన్య కుటుంబములలో మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబమునకు 35 కిలోలు హక్కుగా లభింపవలెను. గింజలు అందనిచో ఆహార భద్రతా భత్యము చెల్లింపవలెనని ఆ చట్టపు 8వ సెక్షను శాసించుచున్నది. ఆధార్ ధ్రువీకరణ విఫలమైనదను కారణమున అర్హునికి లబ్ధి నిరాకరింపరాదని 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. హక్కు ఇంత విస్పష్టమై యుండియు ముసలామె వట్టి సంచితో ఇల్లు చేరుటకు ముఖ్యకారణము, ఆమెను తిప్పి పంపిరనుటకు ఆమె చేత సాక్ష్యము లేకపోవుటయే. ఇచ్చిన బియ్యమునకు రసీదు కలదు. ఇయ్యని బియ్యమునకు లేదు. విఫలయత్నములు యంత్రములో నమోదైనను ఆ నమోదు కార్డుదారుని చేతికి రాదు. పరిష్కరించిన అర్జీల సంఖ్యను ఘనముగా చాటుకొను కార్యాలయములలో, అర్జీ పుచ్చుకొనకయే గడపనుండి మరలించినవారి లెక్క వ్రాయు పుస్తకము లేదు.

కావున మేము కోరునది ఒక్కటే. రేషన్ దుకాణమున గాని, సచివాలయమున గాని, తహసీల్దారు కార్యాలయమున గాని, వచ్చినవానిని పని కాకుండ తిప్పి పంపువారు తేదీ, వేళ, కారణము, మరల రావలసిన దినము వ్రాసి సంతకముతో చీటీ ఇయ్యవలెను. యంత్రము మొరాయించిన సందర్భమున రిజిస్టరులో సంతకమో, నిశానియో పుచ్చుకొని గింజలు ఆనాడే ఇచ్చివేయవలెను. విచారణ చేయదలచినవారు పిదప చేసికొనవచ్చును. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అర్జీని తిరస్కరించు అధికారి కారణమును, అప్పీలు గడువును, అప్పీలు చేయవలసిన అధికారి వివరములను వ్రాసి తెలుపవలసియే యున్నాడు. కాగితమునకు దక్కిన ఈ మర్యాద బియ్యమునకు ఏల దక్కరాదు?

ఇది సిబ్బందికి అదనపు భారమని ఆక్షేపణ రాగలదు. రెండు పంక్తుల చీటీ భారమా, నాలుగు మైళ్ళు నడచి వచ్చి వట్టిచేతులతో మరలుట భారమా? అదియునుగాక ఆ చీటీ నిజాయితీగల డీలరుకు రక్షయే. సర్వరు దోషము అతని నెత్తిన పడకుండ, పడవలసినచోట పడును. రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములు ఈ మేరకు వెంటనే ఉత్తరువులు వెలువరింపవలెను. అప్పుడు చీటీ వ్రాయుటకు వెనుదీయు ఉద్యోగికి మార్గమొక్కటే మిగులును, వచ్చినవాని పనిని అప్పటికప్పుడే చేసి పంపుట.